పేరు లేని క్యాసెట్టు

క్యాసెట్టు పొద్దున బస్సులో ఆళ్ళగడ్డకు వెళ్ళిపోయింది. అందులో ఏముందో లీలావతికి మధ్యాహ్నం దాకా తెలియలేదు.

పంపింది ఆమె భర్త సంజీవయ్యే. పాత పేపర్లో చుట్టి, పురికొస కట్టి, కండక్టరు చేతికిచ్చి, తాను అక్కడినుంచి అటే కర్నూలు బస్సెక్కాడు. కర్నూల్లో అతనికి పనేమీ లేదు. నంద్యాలలో వీడియో అంగళ్ళ మీదికి పోలీసులు వస్తున్నారని ఎవరో చెవిలో వేశారు, కొన్నాళ్ళు కనిపించకుండా ఉంటే మంచిదన్నారు. అంతే, సంచీలో లుంగీ, తువ్వాలు పెట్టుకుని బయలుదేరాడు.

ఎనభై తొమ్మిది వేసవి అంతా ఆ ఇంట్లో అదే బతుకు. ఇంటి ముందుగదే వీడియో లైబ్రరీ. బీరువా నిండా క్యాసెట్లు, బల్ల మీద టీవీ, దాని పక్కన రెండు ప్లేయర్లు. ఒకదాంట్లో ఆడుతుంటే రెండోదాంట్లోకి ఎక్కుతూ ఉంటుంది. కాపీ ఎక్కేటప్పుడు మిక్సీ వేయకూడదు, వేస్తే బొమ్మ వణుకుతుంది. కాబట్టి పచ్చడి రోట్లోనే. క్యాసెట్టు మీద సినిమా తీసినవాళ్ళ పేరు, సెన్సారు నంబరు ఉండాలని చట్టం వచ్చి ఏళ్ళయింది గాని, పోలీసులకు ఆ సంగతి ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది. పేరు లేకపోతే క్యాసెట్టూ పోతుంది, ఆడించే మిషనూ పోతుంది, మనిషినీ లాక్కుపోతారు. సంజీవయ్య బీరువాలో పేరున్న క్యాసెట్టు ఎక్కడుందో సంజీవయ్యే వెతుక్కోవాలి.

వీధి మలుపులో జీపు చప్పుడైతే చాలు, లీలావతి చేతులు వాటంతటవే కదిలేవి. జొన్నల బానలో కొన్ని, విప్పని బట్టల మూటలో కొన్ని, బియ్యం డ్రమ్ములో కొన్ని. జీపు పోయాక మళ్ళీ తీసి, దుమ్ము తుడిచి, బీరువాలో సర్దాలి. ఒక్కోసారి అది పోలీసు జీపు కూడా కాదు, అహోబిలం పోయే యాత్రికుల జీపు. రోటి దగ్గర కూర్చున్నా చెవి వీధిలోనే ఉండేది. తింటున్నా అంతే. కంచం ముందు కూర్చుని, చేతిలో కలిపిన ముద్దతోనే ఆగిపోయి వినేది.

ఆ చెవి కాసేపైనా వీధిని మరిచేది ఆట పెట్టె ముందే.

ఆట పెట్టెను సంజీవయ్య ఆ మధ్య మద్రాసు నుంచి తెచ్చాడు. టీవీకి తగిలిస్తే తెర మీద బొమ్మలు కదులుతాయి. చేతిలో ఇమిడే పలక ఒకటి ఉంటుంది, దాని మీద మీటలు నొక్కితే బొమ్మలు మనం చెప్పినట్టు వింటాయి. అరచేయంత డబ్బీ ఒకటి అందులో దూరిస్తే బోలెడన్ని ఆటలు.

"ఇవన్నీ ఎవరు చేసినారు?" అని లీలావతి తెచ్చినరోజే అడిగింది.

"ఎవరో జపానోళ్ళు."

"వాళ్ళకు చెప్పి తెచ్చినావా?"

"వాళ్ళకు మన నంద్యాల యాడుండాదో తెలుసునా? వాళ్ళ ఆటలు ఎవడో కాపీ కొట్టి డబ్బీలోకి ఎక్కించినాడు. ఇంగొకడు ఓడలో తెచ్చినాడు. మనం కొన్నాం. సినిమాకైతే చట్టముండాది. ఆటకేముండాదే?"

"ఎవరిదో సొమ్ము గదా."

"నీకు అన్నిటికీ భయమే. జీపు చూస్తే భయం, జపాను చూస్తే భయం" అని నవ్వాడతను.

పిల్లలు సెలవులకు అమ్మమ్మ ఊరికి పోయారు. మధ్యాహ్నం లైబ్రరీ తలుపు మూసి అందరూ కునుకు తీసే వేళ, ఇది ఎట్లా ఆడతారో చూద్దామని లీలావతి పలక చేతిలోకి తీసుకుంది. అంతే, తగులుకుంది. ట్యాంకుల ఆట. తెర అడుగున ఇటుకల మధ్య చిన్న ఇల్లు ఉంటుంది. పైనుంచి ట్యాంకులు దిగి వస్తుంటాయి, ఇటుకలు పగలగొట్టుకుంటూ ఇంటి మీదికి వస్తాయి. మన ట్యాంకుతో వాటిని కాల్చి ఇంటిని కాపాడుకోవాలి. ఇంటికి దెబ్బ తగిలితే ఆట అయిపోయింది. దుడ్లిచ్చి ఆడే కాలేజీ కుర్రాళ్ళు మూడో నాలుగో అంచెలు దాటేసరికి అలిసిపోయేవాళ్ళు. లీలావతి దాటుకుంటూ పోయేది. పద్నాలుగేళ్ళుగా ఒక ఇంటికి కాపలా కాసిన మనిషికి అదేమంత కష్టమనిపించలేదు.

ఆడేటప్పుడు ఆమె నోరు ఊరుకునేది కాదు. అన్నిటికన్నా వేగంగా వచ్చే ట్యాంకుకు ఆడబిడ్డ జయమ్మ పేరు పెట్టింది. ఎన్ని దెబ్బలకూ పోని లావుపాటి ట్యాంకు అత్త తిరుపాలమ్మ. ఏ దారీ పట్టకుండా గోడల చుట్టూ తిరిగేది సంజీవయ్య. పేరుపేరునా పిలిచి, అడగాల్సింది అడిగి, కాల్చేది. లేచి ముఖం కడుక్కుని, సాయంత్రం అత్తకు కాఫీ ఇచ్చేటప్పుడు ఆమె గొంతులో ఏ గరుకూ ఉండేది కాదు.

జయమ్మ సంజీవయ్యకు అక్క. ఆమె భర్త సుబ్బయ్య ఆళ్ళగడ్డలో ఇంటి పక్కన రేకుల షెడ్డులో వీడియో సెంటరు నడుపుతున్నాడు. తనకూ ఇట్లాంటి ఆట పెట్టె కావాలన్నాడు గాని, దీని సంగతేందో కళ్ళతో చూస్తే తప్ప కొననన్నాడు. పెట్టెను ఆళ్ళగడ్డకు మోస్తే ఇక్కడ గిరాకీ పోతుంది. అందుకని, ఆట ఎంతదూరం పోతుందో చూపిస్తూ ఒక క్యాసెట్టు తీసి పంపాలనుకున్నాడు సంజీవయ్య. పెట్టె వైరు నేరుగా ప్లేయరుకు తగిలిస్తే బొమ్మ చెదిరి గీతలు పడింది. చివరికి పెళ్ళిళ్ళు తీసే లింగయ్య దగ్గర కెమెరా అడిగి తెచ్చి, మూడుకాళ్ళ పీట మీద టీవీ ఎదురుగా నిలబెట్టాడు.

"నీ అంత దూరం ఆడేవాళ్ళు ఈడ ఎవరూ లేరు. కూచ్చో, ఆడు. కెమెరా టీవీనే చూస్తాది, నిన్ను చూడదు" అని దాన్ని నడిపించి, తాను తలుపు బయట కాపలా కూర్చున్నాడు.

మాటలు కూడా ఎక్కుతాయా అని ఆమె అడగలేదు. ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. పెళ్ళి క్యాసెట్లలో ఎవరి మాటా వినిపించదు. తాళి కట్టేటప్పుడూ పాటే, అప్పగింతల్లో గుండెలు బాదుకునేటప్పుడూ పాటే, బంతిలో అప్పడం రాలేదని పోట్లాడుకునేటప్పుడూ పాటే. లింగయ్య ఆ మాటలన్నీ తుడిచి సినిమా పాటలు ఎక్కిస్తాడని ఎవరికి తెలుసు? కెమెరాకు కళ్ళే గాని చెవులుండవనుకుంది లీలావతి. ఆమే కాదు, పెళ్ళిళ్ళలో కెమెరా ముందే నిలబడి వియ్యపురాలిని దులిపేసే ఆడవాళ్ళందరూ అదే అనుకుంటారు.

సంజీవయ్య కూడా వినలేదు. పక్కింటివాళ్ళకు వినపడకుండా టీవీ గొంతు నొక్కేసి కాపీ ఎక్కించడం అతనికి అలవాటు. అట్లాగే ఎక్కించాడు, చుట్టాడు, పంపాడు.

మధ్యాహ్నం వంట ముగించి, తన ఆట ఎట్లా వచ్చిందో చూసుకుందామని లీలావతి అసలు క్యాసెట్టును ప్లేయర్లో పెట్టింది. ట్యాంకుల చప్పుడు కూడా వింటే బాగుంటుందని సౌండు పెంచింది. ఫ్యాను గరగర వినిపించింది, ట్యాంకుల టకటక వినిపించింది. ఆ మధ్యలో ఎవరో ఆడమనిషి గొంతు. పక్కింటి సరస్వతమ్మ గొంతులా ఉందనుకుంది మొదట. ఈమె ఎప్పుడొచ్చి కూర్చుందబ్బా అనుకుంది.

"రావే జయమ్మా, రా" అంది ఆ గొంతు. "చూడు, వచ్చీరాగానే నేరుగా సామాన్ల గదికే పోతాండాది. పుట్టింటికొస్తే మనుషుల్ను చూడవా, డబ్బాల్నే చూస్తావా?"

అది తన గొంతే.

"అత్తా, నువ్వింగా ఉండావా? నీకు ఒక గుండు చాల్లేదులే. ఎన్ని తగిలినా రంగు మారతావు గాని కదలవు. ఈయన చూడు, ఎవరినీ కొట్టడు, ఎవరికీ అడ్డం రాడు. తిరుగు నాయనా, తిరుగు. ఆపక్క మీ యక్క నా ఇల్లు కూలగొడతాంటే నీకేం పట్టింది?"

మీట నొక్కేసింది.

"ఎవరితో మాట్లాడతాండావే?" అని పెరట్లోంచి తిరుపాలమ్మ కేకేసింది.

"ఎవరూ లేరత్తా."

"నన్ను పిలిచినట్లుండె?"

"నిన్నెవరు పిలుస్తారత్తా, నిద్రలో ఉండావు నువ్వు."

లీలావతి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ నిలబడింది. బస్సు ఎప్పుడో ఆళ్ళగడ్డ చేరి ఉంటుంది. సుబ్బయ్య పార్సిలు విప్పి ఉంటాడు. షెడ్డులో పదిమందిని కూర్చోబెట్టి ఆడిస్తాడు, అతనికి అదొక సంబరం. జయమ్మ కూడా తలుపు దగ్గర నిలబడి చూస్తుంది. జయమ్మ అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది. ఆమె మాట మానేస్తుంది. సొంత మరిదితో ఏళ్ళ తరబడి మాట్లాడని మనిషి. ఇక తిరుపాలమ్మ కూతురి మాట విని, కోడలి చేతి అన్నం ముట్టదు. ఇన్నేళ్ళ కాపురం ఒక్క మధ్యాహ్నంతో నేలపాలవుతుంది.

చేతి సంచీ తీసుకుంది.

"ఆళ్ళగడ్డకు పోయొస్తానత్తా. వదినను చూసి శానా దినాలాయ."

తిరుపాలమ్మ పక్కమీద లేచి కూర్చుని కోడలిని పైనుంచి కిందికి చూసింది. లీలావతి తనంతట తాను ఆడబిడ్డను చూడాలనడం ఆ ముసలామె ఎరగదు.

"ఏందీ, ఉన్నట్టుండి?"

"ఊరికే."

"సరే ఉండు, చీర మార్చుకుంటా. నాకూ జయమ్మ మీద పానం కొట్టుకుంటాండాది."

వద్దనడానికి ఏ సాకూ తోచలేదు.

బస్సు నిండా అహోబిలం పోయేవాళ్ళు. టెంకాయల సంచులు, పిల్లల ఏడుపులు. తిరుపాలమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఏ పొలం ఎవరిదో, ఎవరు ఎవరికి అమ్ముకున్నారో చెబుతూ పోయింది. శిరివెళ్ళలో బస్సు ఆగి, డ్రైవరు టీకి దిగి, ఎంతకీ ఎక్కలేదు. దిగి తోద్దామా అన్నంత తొందరగా ఉంది లీలావతికి.

"ఎందుకట్ల కొట్టుకుంటాండావు? కడుపునొప్పా?" అంది తిరుపాలమ్మ.

"ఎండకత్తా."

క్యాసెట్టు దొరికితే ఏం చేయాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉంది. లాగి రీలు తెంపేయాలి. తప్పు క్యాసెట్టు వచ్చిందని చెప్పాలి. ఇంకా చూడకుండా ఉంటే చాలు. జ్వరమో, కరెంటు లేకపోవడమో, సుబ్బయ్య ఇంట లేకపోవడమో, ఏదో ఒకటి.

ఆళ్ళగడ్డలో దిగి సందులోకి తిరిగేసరికి షెడ్డు ముందు జనం ఉన్నారు. చూసేశారు, అందరూ చూసేశారనుకుంది లీలావతి. జయమ్మ గడప మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లిని చూడగానే లేచింది.

"అమ్మా, చూసినావా ఏమాయనో! నీ అల్లున్ని పోలీసులు తీసుకపోయినారు." ఆ వెంటనే లీలావతి వైపు తిరిగింది. "నీ మొగుడు యాడ?"

"కర్నూలు పోయినాడు వదినా. ఏమాయ?"

"ఏమాయనా? జీపు వస్తాందని టీ అంగడి రంగయ్య చెప్పంపినాడు. ఉండే క్యాసెట్లన్నీ చెనక్కాయల మూటల్లో తోసినాం. మిషన్లో ఉండేది మీరు పంపిందే. ఆట క్యాసెట్టే గదా, దానికేం భయమని ఆయప్ప ఉండనిచ్చినాడు. పోలీసులొచ్చి, బొమ్మ వేసి చూసి, మీద పేరు లేదు, నంబరు లేదు, ఏ దేశం సినిమా ఇది అంటారు. టీవీ, మిషను, మనిషి అన్నీ తీసుకపోయినారు."

లీలావతి నోట మొదట వచ్చిన మాటకు తరువాత ఆమే సిగ్గుపడింది.

"సౌండు వినపడిందా వదినా?"

"ఏందీ?"

"ఆ క్యాసెట్టులో... మాటలేమన్నా..."

"బొమ్మ వచ్చేలోపలే జీపొచ్చె. సౌండు బాక్సు తగిలించనే లేదు. ఈడ మనిషి పోయి నేనేడుస్తాంటే నీకు సౌండు కావల్సొచ్చిందా?"

ఎవరూ వినలేదు. లీలావతి గోడకు ఆనుకుంది. గుండెల మీది బండ దిగినట్టయింది. దిగిన మరుక్షణమే ఇంకొకటి ఎక్కింది.

"సుబ్బయ్యన్న ఏం చెప్పినాడంట పోలీసులకు?"

"ఏం చెప్తాడు? ఎవరు పంపినారంటే నోరు తెరవలేదంట. బామ్మర్ది పేరు చెప్తే వాన్నీ పట్టకపోతారని. రేపు కోర్టుకు పంపుతామన్నారంట. మిషను ఇంగ రాదంటాండారు."

జయమ్మ పొయ్యి వెలిగించలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తిరుపాలమ్మ తానే లేచి కడవలో నీళ్ళు ముంచుకుంది. ఊళ్ళో పెద్దమనిషి ఎవరినైనా పట్టుకోవాలని తల్లీ కూతుళ్ళు మాట్లాడుకుంటుంటే లీలావతి గడప దగ్గరే నిలబడింది. తాను నోరు మూసుకుంటే చాలు. క్యాసెట్టు పోలీసుల గదిలో మూలన పడి, బూజు పట్టి, ఎప్పుడో ఒకరోజు కాలిపోతుంది. తన మాట ఎవరి చెవినా పడదు. సుబ్బయ్య కోర్టుకు పోతాడు, జరిమానా కడతాడో, లోపల ఉంటాడో. అతను సంజీవయ్య పేరు చెప్పకుండా కూర్చున్నాడు. సంజీవయ్యేమో కర్నూల్లో లుంగీ కట్టుకుని ఎవరింట్లోనో పడుకుని ఉంటాడు.

బయటికి పోయి సందు చివరిదాకా నడిచి మళ్ళీ వచ్చింది. జయమ్మ ఎదురుగా నిలబడింది.

"అది సినిమా గాదు వదినా. నేనాడిన ఆట. ఆయన ఇంట్లో కెమెరా పెట్టి తీసినాడు."

"నువ్వాడినావా?" జయమ్మ నమ్మలేదు. "నువ్వు?"

"పోలీసులకు నేను చెప్తా, రాండి."

జయమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరింది.

స్టేషన్లో ఎస్సై కుర్రవాడే, చెమటకు విసనకర్రతో విసురుకుంటున్నాడు. హెడ్డు కానిస్టేబులు దాసరయ్య వయసు మళ్ళినవాడు. సుబ్బయ్య మూలన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్ళను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

లీలావతి చెప్పింది విని ఎస్సై నవ్వాడు.

"నువ్వాడినావా? ఇంటి పనులు చేసుకునే దానివి, మిలిటరీ ట్యాంకులు కాల్చినావా?"

"బొమ్మ ట్యాంకులే సార్. ఆట పెట్టె ఉండాది మా ఇంట్లో."

"ఆ పెట్టె ఎవరిది? ఆట ఎవరిది?"

"పెట్టె మాదే సార్. ఆట ఎవరో జపానోళ్ళదంట."

"అయితే వాళ్ళ ఆటను మీరు క్యాసెట్టు తీసినారు. అది తప్పు గాదా?" అని ఎస్సై దాసరయ్య వైపు చూశాడు.

దాసరయ్య గడ్డం గీరుకున్నాడు. "తప్పో కాదో మన పుస్తకంలో యాడా లేదు సార్. సినిమాకుండాది, పాటకుండాది. ఆటను ఆడతాంటే తీసినదానికి ఏముండాదో నాకైతే తెల్దు. చెక్కబొమ్మ చేసినోడు ఒకడు, దాంతో ఆడుకునేవాడు ఒకడు. ఆడుకునేవాని ఫోటో తీస్తే చేసినోనికి కోపం రావల్నా?"

"వస్తే?"

"జపాను నుంచి ఆళ్ళగడ్డకు వచ్చి కంప్లయింటు ఇయ్యల్ల సార్."

ఎస్సై విసనకర్ర బల్ల మీద పెట్టాడు. "అది సరేలే. ఇది నువ్వాడిందేనని రుజువేందమ్మా? రేపు ప్రతివాడూ ఫారిన్ సినిమా తెచ్చి మా ఆడవాళ్ళు ఇంట్లో తీసినారంటాడు. దాంట్లో నీ ముఖం ఉండాదా?"

"లేదు సార్."

"చేతులు?"

"లేదు సార్."

"మరి?"

జయమ్మ పక్కనే నిలబడి ఉంది, చీర కొంగును గుప్పిట్లో నలుపుతూ. తిరుపాలమ్మ వెనక బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. సుబ్బయ్య తల ఎత్తి చూస్తున్నాడు.

"నా గొంతు ఉండాది సార్ దాంట్లో."

"మాకు వినపడలేదే."

"సౌండు బాక్సు పెట్టలేదంట. టీవీకే సౌండు పెడితే వినపడతాది."

దాసరయ్య టీవీని బల్ల మీదికి ఎత్తించి, వైర్లు తగిలించి, క్యాసెట్టు తోశాడు. ట్యాంకులు దిగాయి. ఫ్యాను గరగర. బయట నిలబడ్డ కానిస్టేబుళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు.

"రావే జయమ్మా, రా. చూడు, వచ్చీరాగానే నేరుగా సామాన్ల గదికే పోతాండాది..."

లీలావతి నేల వైపు చూస్తూ నిలబడింది. ఎవరో ఒక కానిస్టేబులు కిసుక్కుమన్నాడు. డబ్బాల మాట వచ్చింది. లావుపాటి ట్యాంకు వచ్చింది. ఎన్ని గుండ్లు తగిలినా కదలని అత్త మాట వచ్చింది. ఈసారి ఎస్సై కూడా నవ్వు ఆపుకోలేక ముఖం అటు తిప్పుకున్నాడు.

"జయమ్మ ఎవరు?" అని అడిగాడు తేరుకుని.

జయమ్మ కొంగు వదిలి ఒక అడుగు ముందుకేసింది.

"నేనే సార్" అంది జయమ్మ.

"ఆ అత్త?"

తిరుపాలమ్మ కొంగు నిండుగా కప్పుకుని బెంచీ మీంచి లేచింది. "నేనేప్పా. ఇంగా బతికే ఉండా."

అందరూ ఘొల్లున నవ్వారు. ఎస్సై చేయెత్తాడు.

"చాల్లే దాసరయ్యా, ఆపు. ఇది సినిమా గాదు, సంసారం." లీలావతి వైపు చూశాడు. "ఇది నీ గొంతేనా?"

"నాదే సార్."

"ఆ పెట్టె సంగతి నంద్యాలోళ్ళు చూసుకుంటారు, అది నాకు సంబంధం లేదు. దీని మీద నేను కేసు రాయలేను. పోవయ్యా సుబ్బయ్యా, నీ మిషను తీసుకపో." క్యాసెట్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఎవరికియ్యల్ల? ఆట జపానోనిది, పెట్టె ఈమె మొగునిది, కెమెరా ఎవరిదో."

"ఈయమ్మకే ఇద్దాం సార్. ఒప్పుకునింది ఈయమ్మే గదా" అన్నాడు దాసరయ్య.

"మీద పేరు రాసుకోమ్మా. లేకుంటే మావాళ్ళే మళ్ళా పట్టుకొస్తారు."

దారిలో సుబ్బయ్య టీవీని నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. జయమ్మ మిషను చంకన పెట్టుకుంది, ఎవరినీ పట్టనివ్వలేదు. తిరుపాలమ్మ మధ్యలో నడిచింది. లీలావతి అందరికన్నా వెనక, క్యాసెట్టు సంచీలో.

"దాంట్లో నేను లేనా చెల్లెలా?" అని సుబ్బయ్య తల తిప్పకుండానే అడిగాడు.

"నువ్వు లేవన్నా."

"లేకుంటే మంచిదాయలే."

"నోరు మూసుకుని నడువు" అంది జయమ్మ.

ఆ మాట తనతో కాకపోయినా, జయమ్మ గొంతు విన్నందుకు లీలావతికి కాస్త ఊపిరాడింది. ఇంటికి చేరాక జయమ్మ మిషను బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించమని మొగుడికి సైగ చేసి, లీలావతి ముందు చేయి చాచింది.

"ఇటియ్యి."

"ఎందుకు వదినా?"

"పోలీసోళ్ళు సగం విని ఆపినారు. మిగతాది నేను వినల్ల."

ఇవ్వనంటే అడిగేవాళ్ళు లేరు. అది ఎవరిదో ఎస్సై చెప్పేశాడు. మధ్యాహ్నం నుంచి దాన్ని ముక్కలు చేయాలని పరుగెత్తుకొచ్చిన చేయి, ఇప్పుడు సంచీలోకి పోయి, తీసి ఇచ్చింది. జయమ్మ దాన్ని మిషన్లోకి తోసి, ఎదురుగా చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. సుబ్బయ్య మీట నొక్కాడు. మిషన్లో చిన్న ఎర్రదీపం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. ఫ్యాను కూడా మెల్లగా ఆగింది.

"కరెంటు పాయ" అన్నాడు సుబ్బయ్య.

నలుగురూ అట్లాగే కూర్చున్నారు. రేకుల షెడ్డులోంచి వేడి ఇంట్లోకి కొడుతోంది. లీలావతికి చెమట వీపు మీద కారుతోంది. కరెంటు ఎప్పటికీ రాకూడదనీ అనిపిస్తోంది, ఇప్పుడే వచ్చేస్తే పీడ వదిలిపోతుందనీ అనిపిస్తోంది.

జయమ్మ చీకటి తెర వైపే చూస్తూ అంది. "ఎంతసేపని కాచుకుంటాం? మనిషివి ఈడనే ఉండావు గదా. నువ్వే చెప్పు."

"ఏం చెప్పమంటావు?"

"డబ్బాలన్నావే. ఏం డబ్బాలు?"

లీలావతి తల ఎత్తింది. ట్యాంకుల ముందు తేలిగ్గా అన్న మాటను ఇప్పుడు మనిషి ముందు అంది.

"నా రెండో కాన్పుకు మా అమ్మ కొత్తపల్లె నుంచి నెయ్యి పంపింది. చేతులు నొప్పులు పుట్టేదాకా తానే చిలికి కాచింది. నేను పురిట్లో ఉంటే నువ్వొచ్చి డబ్బా ఎత్తుకపోయినావు. నేను బాలింతను, వట్టి కారంతో తిన్నా."

జయమ్మ ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. "ఎత్తుకపోయినానా? నేనేమన్నా దొంగనా? అమ్మ ఇచ్చింది, తెచ్చుకున్నా."

"ఎవరిదని అడిగినావా?"

"పుట్టింట్లో ఉండేది ఎవరిదని అడుగుతారే ఎవరన్నా? నీకు మీ అమ్మ పంపిందని నాకేం తెలుసు? నాకెవరు చెప్పినారు?"

"తెలిసుంటే తెచ్చుకుండేదానివి కావా?"

"బాలింత నెయ్యి తింటానా నేను? ఎట్ల అనుకున్నావే అట్ల?" జయమ్మ చాప మీంచి సగం లేచింది. "పదేళ్ళు మనసులో పెట్టుకుని నన్ను తుపాకీతో కాలుస్తాండావా?"

"చెప్పే నోరు యాడుండె వదినా నాకు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తరువాత, ఎవరు ముందు తిరిగారో గాని, ఇద్దరి చూపూ గోడ పక్కన కూర్చున్న తిరుపాలమ్మ మీదికి పోయింది. ముసలామె అంతదాకా కాళ్ళు చాపుకుని వింటోంది. ఇప్పుడు కాళ్ళు ముడుచుకుంది. కొంగు సర్దుకుంది. కోడలి వైపు చూడలేదు, కూతురి వైపూ చూడలేదు.

"సుబ్బయ్యా, ఆ స్విచ్చి వేసి చూడప్పా" అంది. "కరెంటొచ్చిందేమో."

సుబ్బయ్య కదల్లేదు.

"చెప్పమ్మా" అంది జయమ్మ.